పంచదార డబ్బా ఇంట్లోంచి పంపించేసి పద్నాలుగు నెలలైంది, నేను మాత్రం ఐదున్నర కిలోలు పెరిగా. ఎందుకు?

జేపీనగర్_జానకి
నవంబరు 14, రాత్రి 10:42

నమస్తే అందరికీ. చాలా రోజులుగా చదువుకుని వెళ్ళిపోవడమే గానీ రాయడం ఇదే మొదలు. మాది కాకినాడ. పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చి తొమ్మిదేళ్ళు. పోయినేడాది వినాయక చవితి వెళ్ళిన వారం మా వారికి ఆఫీసులో పరీక్షలు చేస్తే షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. ఆ సాయంత్రమే పంచదార డబ్బా తీసి అవతల పెట్టేశా. అప్పట్నుంచి ఇంట్లో ఒక్క పలుకు లేదు, ఒట్టు. కాఫీలోకి బెల్లం పొడి, పొద్దున్నే నిమ్మకాయ తేనె నీళ్ళు, పాప రాగిజావలోకి తాటిబెల్లం, సాయంత్రం ఆకలేస్తే ఖర్జూరం లడ్డు. పెళ్ళిళ్ళకెళ్ళినా స్వీటు విస్తట్లో వదిలేసి వస్తున్నా, వడ్డించేవాళ్ళు మొహం అదోలా పెట్టినా సరే.

అప్పుడు 61 కిలోలు, ఇప్పుడు 66న్నర. నడుము రెండంగుళాలు పెరిగింది. థైరాయిడ్ చూపించా, బాగానే ఉంది. రోజూ అరగంట నడుస్తా. మా అపార్ట్‌మెంట్‌లో ఎవరింట్లో చూసినా తాటిబెల్లం, తేనె, ఏదో ఒక ఆకు పొడి, అయినా లిఫ్టులో నలుగురం పట్టేచోట ముగ్గురమే పడుతున్నాం. మా నాన్న రోజుకి నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు స్పూన్ల పంచదార, ఆయన జన్మలో 58 దాటలేదు. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి. తిట్టినా పర్లేదు.


బీటీఎం_బ్రహ్మచారి
నవంబరు 14, రాత్రి 11:15

అక్కా, తప్పు మీది కాదు, ఈ ఊరి సాంబారుది. దర్శినిలో, అంటే ఇక్కడి నిలబడి తినే టిఫిన్ హోటల్లో, ఇడ్లీ తింటే పాయసంలో ముంచుకుని తిన్నట్టు ఉంటుంది. మొదటిసారి తిన్నప్పుడు కప్పు మారిందేమో అనుకున్నా. మనం వద్దన్నా బెల్లం వాళ్ళే వేసి పంపిస్తారు.


అనకాపల్లి_దిమ్మ
నవంబరు 15, ఉదయం 6:50

జానకి గారూ, మా నాన్న, తాత ఇద్దరూ బెల్లం వండినవాళ్ళే. నేను ఇక్కడ ఎలక్ట్రానిక్ సిటీలో కోడ్ రాసుకుంటున్నా గానీ పండక్కి వెళ్తే ఇప్పటికీ పెనం దగ్గర నిలబడతా. కాబట్టి బెల్లం మీద చెడ్డగా చెప్పాలంటే నాకు నోరు రాదు. కానీ ఉన్నమాట చెప్పాలి.

చెరుకు గానుగాడితే రసం వస్తుంది. దాన్ని పెనంలో పోసి కాస్తూ, కాస్త సున్నం వేసి, పైకి తేలిన మడ్డి తీసేస్తూ, పాకం ముదిరాక దింపి దిమ్మ పోస్తాం. అంతే. నీళ్ళు పోయాయి, మడ్డి పోయింది, మిగిలింది ఏంటి? చెరుకులో ఉన్న చక్కెరే. పంచదార మిల్లువాడు ఇంకో నాలుగడుగులు వేసి ఆ మిగిలిన రంగూ రుచీ కూడా తీసేసి పలుకులు చేస్తాడు. బెల్లంలో నూటికి 85, 90 వంతులు చక్కెరలే, మిగతాది తేమ, కొంచెం ఖనిజాలు. వంద గ్రాముల పంచదార నాలుగొందల క్యాలరీలకి కాస్త తక్కువ, బెల్లం కూడా ఓ పదీ ఇరవై తేడాలో అక్కడే. ఒంటికి వెళ్ళాక రెండూ ఒకే గ్లూకోజు, ఒకే ఫ్రక్టోజు. చెరుకు పెరిగింది ఏ పొలంలో, వండింది ఏ పెనంలో అని పేగు అడగదు.

ఇంకో మాట. మీరు షాపులో చూసే పసుపుపచ్చ బెల్లం పొడి ఆ రంగులో దానంతటది రాదు. అసలు బెల్లం ముదురు రంగే. జనానికి బంగారంలా మెరవాలి, అందుకని పాకంలో హైడ్రోస్ కొడతారు, అంటే సోడియం హైడ్రోసల్ఫైట్. బెల్లంలో మిగిలే సల్ఫర్ డయాక్సైడ్ 70 పీపీఎం, అంటే పది లక్షల్లో 70 వంతులు, దాటకూడదని రూలుంది, ఎవరు చూసొచ్చారు. పంచదార ధర బెల్లం కన్నా తగ్గిన రోజుల్లో పాకంలో పంచదార బస్తాలే కుమ్మరించేవాళ్ళూ ఉన్నారు. అంటే పంచదార మానేసి, పంచదారే ఎక్కువ డబ్బులిచ్చి కొనుక్కుంటున్నాం. మా వైపు నల్లబెల్లం కొంటే సారాకా అని అనుమానంగా చూస్తారు, ఇక్కడ అదే నల్లటిది గాజు సీసాలో పెట్టి ఆర్గానిక్ అంటే మూడింతలిస్తారు.


సహజ_సిరి
నవంబరు 15, ఉదయం 9:30

ఇది పూర్తిగా ఒప్పుకోను. పంచదారలో ఏముంది? ఏమీ లేదు. బెల్లంలో ఐరన్ ఉంది, పొటాషియం ఉంది. తేనెలో ఎంజైములున్నాయి. మన అమ్మమ్మలు బెల్లం తిని పదిమందిని కని ఎనభై ఏళ్ళు బతికారు. అన్నీ క్యాలరీల్లో కొలిచేవాళ్ళకి ఇది అర్థం కాదు. జానకి గారూ, మీరు సరైన దారిలోనే ఉన్నారు, నూనె మార్చి చూడండి. గానుగ నూనె వాడుతున్నారా?


లెక్కల_మాస్టారు
నవంబరు 15, మధ్యాహ్నం 1:05

సిరి గారూ, ఐరన్ సంగతి చూద్దాం. బెల్లంలో ఐరన్ ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, మీ మాట మీద పెద్దమనసుతో వంద గ్రాములకి పది మిల్లీగ్రాములే వేసుకుందాం. కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ లెక్కలో ఆడవాళ్ళకి రోజుకి 29 మిల్లీగ్రాములు కావాలి. స్పూను బెల్లంలో అర మిల్లీగ్రాము కూడా రాదు. 29 బెల్లంతోనే తెచ్చుకోవాలంటే రోజుకి పావుకిలో పైన తినాలి. అప్పుడు రక్తం ఎలా ఉంటుందో గానీ మనిషి మాత్రం ఉండరు. తోటకూర వండుకోండి, చవక.

జానకి గారూ, నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయి కొడుకు దగ్గర ఉంటున్నా, కుందనహళ్ళిలో. నాకు వైద్యం రాదు, కూడికలు వచ్చు. ఒక్క రోజు, పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే వరకు నోట్లో వేసుకున్న తీపి మొత్తం రాయండి. నిజం రాయండి. దాంతోపాటు పంచదార రోజుల్లో ఏం తినేవారో కూడా రాయండి. రెండో జాబితానే ముఖ్యం.


జేపీనగర్_జానకి
నవంబరు 15, రాత్రి 11:20

మాస్టారూ, రాస్తుంటే నాకే సిగ్గేసింది. దాచకుండా పెడుతున్నా.

ఇప్పుడు: లేవగానే పెద్ద చెంచాడు తేనె, నిమ్మకాయ, వేడినీళ్ళు. కాఫీ మూడుసార్లు, ఒక్కోదాంట్లో రెండు స్పూన్ల బెల్లం పొడి, ఎందుకంటే ఒక స్పూనుకి తీపి తెలియట్లేదు. మధ్యాహ్నం భోజనం అయ్యాక చిన్న పల్లీ చిక్కీ, ఒక్కోరోజు రెండు. సాయంత్రం ఖర్జూరం జీడిపప్పు లడ్లు రెండు. వారానికి రెండుసార్లు వాకింగ్ నుంచి వస్తూ బండి దగ్గర చెరుకురసం, ఐసు లేకుండా, అల్లం వేసి. పాప వదిలేసిన జావ కూడా నేనే తాగుతా, పారబొయ్యలేక.

అప్పుడు: కాఫీ రెండుసార్లు, ఒక్కో స్పూను పంచదార. సాయంత్రం రెండు మేరీ బిస్కెట్లు. స్వీట్లు పండగకి, పుట్టినరోజుకి. చిక్కీ ఎప్పుడో గానీ లేదు, "అమ్మో తీపి" అని భయం ఉండేది. తేనె దగ్గొచ్చినప్పుడే.

ఇది టైపు చేసి రెండూ పక్కపక్కన చూసుకుని కాసేపు అలా కూర్చుండిపోయా.


లెక్కల_మాస్టారు
నవంబరు 16, ఉదయం 5:40

అమ్మా, నువ్వు రాసింది నూటికి తొంభై మంది రాయరు. (నువ్వు అన్నందుకు ఏమనుకోకు, మా పెద్దమ్మాయి వయసు ఉంటుంది నీకు.)

అప్పటి సంగతి: రెండు స్పూన్ల పంచదార, సుమారు తొమ్మిది గ్రాములు. బిస్కెట్లలో ఇంకో రెండు మూడు. మొత్తం పన్నెండు అనుకో.

ఇప్పుడు: తేనె పెద్ద చెంచా ఇరవై గ్రాములు తూగుతుంది, అందులో చక్కెర పదిహేడు. బెల్లం పొడి ఆరు స్పూన్లు, ఇరవై ఏడు గ్రాములు, చక్కెర ఇరవై నాలుగు దాకా. ఇక్కడికే నలభై దాటావు. చిక్కీ వేస్తే యాభై అటూ ఇటూ. చెరుకురసం తాగిన రోజు ఇంకో పాతిక ముప్పై, గ్లాసంటే ఆరేడు స్పూన్లు తాగినట్టే. ఖర్జూరాన్ని పండు కింద వదిలేద్దాం, కానీ రెండు లడ్లంటే రెండొందల క్యాలరీలు తగ్గవు, జీడిపప్పు ఊరికే ఉండదుగా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన లెక్క ఏంటంటే, విడి చక్కెరలు మొత్తం క్యాలరీల్లో పదో వంతు మించకూడదు, ఐదు శాతానికి దిగితే, అంటే పాతిక గ్రాములకి, ఇంకా మంచిది. ఆ విడి చక్కెరల్లో తేనె, పాకాలు, పండ్ల రసాలు అన్నీ వాళ్ళు కలిపే లెక్కేశారు. తేనె కాబట్టి మినహాయింపు అని ఎక్కడా లేదు. పంచదార తిన్న రోజుల్లో నువ్వు ఆ గీతకి సగంలో ఉన్నావు. మానేశాక రెట్టింపు దాటావు.

ఇప్పుడు బరువు. ఒక కిలో కొవ్వుకి 7,700 క్యాలరీలని మోటు లెక్క ఒకటుంది, ఒళ్ళు అంత సూటిగా నడవదు గానీ అంచనాకి పనికొస్తుంది. ఐదున్నర కిలోలంటే 42 వేల చిల్లర. పద్నాలుగు నెలలు 425 రోజులు. భాగించు. రోజుకి వంద. ఒక్క లడ్డు. నువ్వు వెతుకుతున్న పెద్ద రహస్యం సైజు అంతే.


బీటీఎం_బ్రహ్మచారి
నవంబరు 16, ఉదయం 10:10

మాస్టారూ, మీరు నాకు టెన్త్‌లో దొరకాల్సింది.


వైట్‌ఫీల్డ్_తిరుపతోడు
నవంబరు 16, మధ్యాహ్నం 3:22

లెక్క బాగుంది గానీ దీంతో అసలు చిక్కు తీరలేదు. జానకి గారికి తీరిందేమో, లోకానికి తీరలేదు. అమెరికా చూడండి. అక్కడ తలసరి చక్కెర వాడకం 1999 చుట్టుపక్కల శిఖరానికి చేరి ఆ తర్వాత దిగుతూ వచ్చింది, మొక్కజొన్న సిరప్ కూడా. మరి ఊబకాయం? 1999-2000లో పెద్దవాళ్ళలో 30.5 శాతం, 2017-18కి 42.4 శాతం. చక్కెర దిగుతుంటే పొట్టలు ఎక్కుతున్నాయి. చక్కెరే విలన్ అయితే ఇదెలా?

నేను నాలుగేళ్ళు అక్కడ ఉండొచ్చా. డైట్ కోలా తాగేవాళ్ళే ఎక్కువ లావుగా కనిపించేవాళ్ళు. లావు కాబట్టి డైట్ తాగుతున్నారో, తాగి లావయ్యారో, ముందు వెనక తేలదు, అది వేరే గొడవ.

నాకు బాగా నచ్చిన ప్రయోగం 2019లో అక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో కెవిన్ హాల్ బృందం చేసింది. ఇరవై మందిని వార్డులో పెట్టి రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలు వంట. కిటుకు ఏంటంటే రెండు పళ్ళేల్లోనూ చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు సమానంగా అమర్చారు. ఎంత కావాలంటే అంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి వారాల్లో జనం రోజుకి 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు, దాదాపు కిలో పెరిగారు. వంట తిండికి అంతే తగ్గారు. చక్కెర సమానంగా ఉన్నా! మెత్తగా ఉంటుంది, గబగబా దిగిపోతుంది, కడుపు "చాలు" అనేలోపు ప్యాకెట్ ఖాళీ.

కాబట్టి నా పాయింటు: తీపి దేంతో వచ్చిందన్నది చిన్న ప్రశ్న. తిండి ఏ రూపంలో వస్తోందన్నది పెద్ద ప్రశ్న. బెల్లం పేరు చెప్పి అమ్మే బిస్కెట్ ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి, మైదా, పామాయిల్, మాల్టోడెక్స్‌ట్రిన్, ఇన్వర్ట్ సిరప్ అనే చక్కెర పాకం, ఆ చివర్లో ఎక్కడో బెల్లం రెండు శాతం. ముందువైపు మాత్రం మట్టికుండ, పల్లె, గోవు.


మల్లేశ్వరం_బాబాయ్
నవంబరు 16, రాత్రి 8:48

19 ఏళ్ళుగా షుగర్ ఉన్నవాణ్ణి, కాబట్టి ఈ తీపి సంసారం మొత్తం చేసినవాణ్ణి. వరసగా చెప్తా.

మొదట శాకరిన్ బిళ్ళలు. చివర్లో నాలుక మీద ఇనుప చేదు. దాని కథ మాత్రం బాగుంటుంది, 1879లో అమెరికాలో ఫాల్‌బర్గ్ అనే రసాయన శాస్త్రవేత్త ల్యాబులో చేతులు కడుక్కోకుండా ఇంటికెళ్ళి భోజనానికి కూర్చుంటే రొట్టె తియ్యగా తగిలిందట. మా ఆవిడ ఇది విని, "చేతులు కడుక్కోనివాడు కనిపెట్టింది నా ఇంట్లో వద్దు" అని పారేసింది.

తర్వాత ఆస్పర్టేమ్. 2023 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగంవాళ్ళు దాన్ని "క్యాన్సర్ కారకం కావచ్చు" అనే జాబితాలో చేర్చారు, అందరూ నాకు ఫోన్లు. అదే నెలలో ఇంకో కమిటీ కిలో బరువుకి రోజుకి 40 మిల్లీగ్రాముల పాత పరిమితి మార్చక్కర్లేదంది. నేను తీసుకునేది దాంట్లో నలుసు. అయినా మానేశా, ఫోన్లకి జవాబు చెప్పలేక.

తర్వాత స్టీవియా. లాల్‌బాగ్ పూల ప్రదర్శనకెళ్ళి కుండీ తెచ్చా. పరాగ్వే మొక్క, అక్కడివాళ్ళు ఎప్పట్నుంచో ఆకు నమిలేవారు. ఆకు నిజంగానే తియ్యగా ఉంటుంది, వెనకాల కాస్త చేదు, కాఫీలో వేస్తే కషాయం. షాపులో దొరికే తెల్లటి పొడి వేరు. ఆ మొక్కలోని తీపి పదార్థం పంచదార కన్నా రెండు మూడొందల రెట్లు తీపి, మరి సాచెట్‌లో స్పూనుడు పొడి ఎక్కణ్ణుంచి వచ్చింది? వచ్చింది ఎరిత్రిటాలో, మాల్టోడెక్స్‌ట్రినో, లాక్టోజో. మాల్టోడెక్స్‌ట్రిన్ అయితే నా మీటరు గంతులేస్తుంది. "సహజం" అని రాసింది ఆకు గురించి, మీరు తింటున్నది ఎక్కువ భాగం పూరకం. మాంక్ ఫ్రూట్ అనే చైనా పండు పేరుతో వచ్చేదీ చాలా వరకు ఇంతే. (ఇంట్లో కుక్క ఉన్నవాళ్ళు జైలిటాల్ ఉన్నది మాత్రం కింద పడెయ్యకండి, వాటికి విషం.)

2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకో మాట చెప్పింది: బరువు తగ్గడానికని ఈ చక్కెర కాని తీపుల్ని వాడొద్దు, దీర్ఘకాలంలో కొవ్వు తగ్గించిన ఆధారం లేదు అని. స్టీవియా కూడా అందులోదే. అప్పటికే షుగర్ ఉన్నవాళ్ళకి ఆ సలహా వర్తించదని కూడా రాశారు, ఆ ముక్క ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

బెల్లం సంగతి అంటారా, నేనే పరీక్ష చేసుకున్నా. ఒకరోజు పంచదార కాఫీ, మర్నాడు అంతే తూకం బెల్లం కాఫీ, గంటకి వేలు గుచ్చుకున్నా. తేడా పట్టుమని పది పాయింట్లు లేదు.


సహజ_సిరి
నవంబరు 17, ఉదయం 7:15

నాకూ ఆలోచన మారుతోంది, కానీ పూర్తిగా కాదు. తేనె గురించి నేనే ఒక మాట చెప్తా. 2020 డిసెంబరులో ఢిల్లీలోని పర్యావరణ పరిశోధన సంస్థ సీఎస్‌ఈ వాళ్ళు 13 బ్రాండ్ల తేనెని కల్తీ పాకం పట్టే ఎన్‌ఎంఆర్ పరీక్షకి పంపితే ఎక్కువ భాగం నిలబడలేదు, చక్కెర పాకం కలిపారని తేలింది. అప్పట్నుంచి నేను కొడగు నుంచి తెలిసినవాళ్ళ దగ్గర తెప్పించుకుంటున్నా. నా కోపం ఆ కల్తీ మీద.

కానీ అమ్మమ్మల మాటకి ఎవరూ జవాబివ్వలేదు. వాళ్ళూ బెల్లమే తిన్నారు. వాళ్ళకి పొట్టలు ఎందుకు రాలేదు?


అనకాపల్లి_దిమ్మ
నవంబరు 17, ఉదయం 9:02

సిరి గారూ, మా ఇంట్లో బెల్లం వండేవాళ్ళం కదా, మా నాయనమ్మకి మాత్రం బెల్లం లెక్కే. అరిసెలు సంక్రాంతికి, బూరెలు ఇంట్లో పండగైతే, మిగతా రోజుల్లో పులుసులోకి గోలీకాయంత. అటక మీద దిమ్మ ఉండేది, తాళం నాయనమ్మ బొడ్లో ఉండేది. సరుకు అమ్ముకోవడానికి, తినడానికి కాదు. ఇక ఆవిడ పొద్దున నాలుక్కి లేచి పశువుల పని, నీళ్ళు, పొలం. ఆవిడ తిన్న బెల్లాన్ని మెచ్చుకుంటాం గానీ ఆవిడ ఎత్తిన బిందెల్ని ఎవరూ ఎత్తరు.


కోలార్‌రోడ్_నర్సమ్మ
నవంబరు 17, రాత్రి 9:40

డ్యూటీ నుంచి ఇప్పుడే వచ్చా. మాది హిందూపురం, ఇక్కడ ఆస్పత్రుల్లో పన్నెండేళ్ళుగా పని. ఒకటి చెప్పాలనిపించింది. "మా నాన్న సన్నం" అని జానకి రాసింది చూసి.

సన్నం అంటే అద్దంలో సన్నం, లోపల కాకపోవచ్చు. పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ గారు ఇంగ్లండు డాక్టర్ యూడ్కిన్‌తో తనను తాను పోల్చుకుని 2004లో లాన్సెట్‌లో ఒక బొమ్మ వేశారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు చూస్తే ఆయనకి 9.1 శాతం, మన డాక్టరు గారికి 21.2. బయటికి ఇద్దరూ ఒకే సైజు చొక్కా. మనవాళ్ళకి కండ తక్కువ, కొవ్వు పొట్ట చుట్టూ, కాలేయం చుట్టూ చేరుతుంది. అందుకే మనకి మగవాళ్ళకి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే జాగ్రత్త అంటారు. 2023లో చెన్నై మద్రాస్ డయాబెటిస్ వాళ్ళూ ఐసీఎంఆర్ కలిసి ఇచ్చిన దేశవ్యాప్త లెక్కలో పొట్ట ఊబకాయం 39.5 శాతం మందికి ఉంది. మొత్తం మీద ఊబకాయం 28.6. ఆ తేడా చూడండి, తూకంలో మామూలుగా కనిపించి పొట్ట ఒక్కటే ఉన్నవాళ్ళు ఎంతమందో.

వార్డులో నాకు కనిపించేది ఒకటే. ఫ్యాటీ లివర్ అని రాగానే మొదటి ప్రశ్న "బెల్లం తినొచ్చా సిస్టర్?" రెండో ప్రశ్న "తేనె?" అన్నం ఎంత తింటున్నావు అని నేనడిగితే మాత్రం కోపం. రోజుకి మూడు పూటలా బియ్యమే, ఇడ్లీ బియ్యమే, దోశ బియ్యమే, అయినా దాన్ని తీపి కాదు కాబట్టి లెక్కలోకి రాదనుకుంటారు. నిద్ర సంగతి అయితే అడగను కూడా, నాకే లేదు.


బీటీఎం_బ్రహ్మచారి
నవంబరు 18, రాత్రి 1:35

ఈ టైములో రాస్తున్నానంటేనే అర్థమవుతుంది నా పరిస్థితి. నేను స్వీటు ముట్టను. కాఫీ కూడా చక్కెర లేకుండానే, స్టైల్‌గా ఉంటుందని. రెండేళ్ళలో పదకొండు కిలోలు. ఇక్కడ చదివాక ఇవాళ ఆంధ్రా మెస్‌లో నా ప్లేటు ఆఫీసు కిచెన్ కాటా మీద పెట్టా (పార్సిల్ తెచ్చుకుని, పిచ్చోడని అనుకోకండి). అన్నం ఒక్కటే 450 గ్రాములు. వంద గ్రాములకి 130 క్యాలరీలట, అంటే 585, పప్పు, నెయ్యి, పొడి ఇంకా పక్కనే ఉన్నాయి. అన్‌లిమిటెడ్ అని బోర్డుంటే డబ్బులు గిట్టుబాటు చేసుకోవాలి కదా, రెండోసారి కూడా అడుగుతా. రాత్రి అమెరికా కాల్ అయ్యాక పన్నెండుకి బిర్యానీ. కుర్చీలో పదకొండు గంటలు. మూడేళ్ళుగా సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర కూర్చున్న టైము కలిపితే ఇంకో డిగ్రీ వచ్చేది.

నా సమస్య సాంబారులో బెల్లం అనుకున్నా ఇన్నాళ్ళూ.


వైట్‌ఫీల్డ్_తిరుపతోడు
నవంబరు 18, ఉదయం 8:20

తమ్ముడూ, నీ కాటా ఫొటో పెట్టు, ఆఫీసులో నలుగురికి చూపిస్తా.

సీబీఎస్‌ఈ వాళ్ళు 2025 మే నెలలో బళ్ళలో చక్కెర బోర్డులు పెట్టమన్నారు, ఏ డ్రింకులో ఎన్ని స్పూన్లో పిల్లలకి కనపడేలా. మా వాడి బళ్ళో పెట్టారు. వాడు ఇంటికొచ్చి నా టీ కప్పు లెక్కపెడుతున్నాడు. బోర్డు మీద కోలా ఉంది గానీ వాళ్ళమ్మ పెట్టే ఖర్జూరం షేక్ లేదు, అది ఎవరు చెప్పాలి? నేనైతే చెప్పను, ఇంట్లో ఉండాలి కదా.


మల్లేశ్వరం_బాబాయ్
నవంబరు 18, ఉదయం 11:00

జానకికి ఒక చిట్కా. ఈ ఊళ్ళో ఒక మంచి అలవాటుంది, బై టూ. ఒక కాఫీ చెప్పి రెండు గ్లాసుల్లో పంచుకోవడం. ఎవరూ పిసినారి అనరు, పైగా కౌంటర్లో వాడే అడుగుతాడు. నేను పదిహేనేళ్ళుగా ఇంట్లో కూడా బై టూనే. మూడు కాఫీలు తాగిన తృప్తి, ఒకటిన్నర కాఫీ చక్కెర.


జేపీనగర్_జానకి
జనవరి 6, రాత్రి 9:55

మళ్ళీ వచ్చా. ఎవరైనా గుర్తుపట్టారా?

ఏం చేశానో చెప్తా, పెద్దగా ఏం లేదు. పంచదార డబ్బా మళ్ళీ వంటింట్లోకి వచ్చింది! కాఫీ రెండుసార్లు, ఒక్కో స్పూను, మూడోది మా వారితో బై టూ. పంచదార వేస్తుంటే చెయ్యి దానంతటదే భయపడి ఆగిపోతుంది, బెల్లం పొడికి ఆ భయం ఉండేది కాదు, పుణ్యం చేస్తున్నట్టు వేసేదాన్ని. తేనె నీళ్ళు మానేశా, వట్టి నిమ్మకాయ. లడ్లు చేయడం ఆపేశాం, ఆకలేస్తే గుగ్గిళ్ళు. రాత్రి అన్నం గరిటెడు తగ్గించి కూర పెంచా. పాప వదిలేసిన జావ పారబోస్తున్నా, మొదటి వారం ప్రాణం ఉసూరుమంది.

ఇవాళ పొద్దున 65.2. నడుము అర అంగుళం తగ్గిందో, టేపు వదులుగా పట్టానో తెలీదు. మా వారి షుగర్ పరీక్ష ఫిబ్రవరిలో.

గొడవల్లా మా అత్తగారితోనే. పంచదార వెనక్కి తెచ్చినందుకు ఆవిడ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. బెల్లం అంత మంచిది ఉంచుకుని ఆ తెల్ల విషం ఏంటని. ఆవిడ గదిలో బీరువా పైన ఒక స్టీలు డబ్బా కనపడింది నిన్న. మూత తియ్యలేదు గానీ వాసన తెలిసిపోయింది, లడ్లే.


లెక్కల_మాస్టారు
జనవరి 7, ఉదయం 5:35

కిలోం పావు చిల్లర, ఏడున్నర వారాల్లో. బాగుంది. టేపు ఎప్పుడూ పొద్దున్నే, ఊపిరి వదిలాక, బొడ్డు మీద చొక్కా లేకుండా పట్టు. డబ్బా జోలికి వెళ్ళకు.


అనకాపల్లి_దిమ్మ
జనవరి 7, ఉదయం 8:12

సంక్రాంతికి ఊరెళ్తున్నా. మా చిన్నాన్న ఈసారి ఒక పెనం హైడ్రోస్ లేకుండా వండించాడు, రంగు నల్లగానే ఉంటుంది, ముందే చెప్తున్నా. వచ్చేటప్పుడు కారులో చోటుంది. ఎవరికైనా కావాలా?


సహజ_సిరి
జనవరి 7, ఉదయం 8:30

నాకు రెండు కిలోలు. సరే సరే, ఒక కిలో.


బీటీఎం_బ్రహ్మచారి
జనవరి 7, ఉదయం 8:41

నాకు అరిసెలు వండి తెచ్చే వీలుంటే చెప్పండి, తూకం వేసే తింటా.


జేపీనగర్_జానకి
జనవరి 7, ఉదయం 9:04

నాకు పావుకిలో. ఇంటికి తేవద్దండీ, గేటు దగ్గర ఫోన్ చేస్తే నేనే కిందికొచ్చి తీసుకుంటా. అత్తగారు చూస్తే పావుకిలో ఏంటని మళ్ళీ రెండు రోజులు.